మేడి ఎత్తిన చోటు

హోస్కోటె దాటాక, గిడ్డప్పనహళ్ళిలో,
లేఅవుట్ రాళ్ళు పాతిన రాగిచేలో
నాలుగు మీటర్ల చదరపు గుంత.
నా పని దాని గోడను గీయడం.
గ్రాఫు కాగితం, పురికొస, మట్టం,
చిటికెనవేలంత మిగిలిన పెన్సిలు.

పైపొర తేలిక.
నీలగిరి వేళ్ళు, డ్రిప్పు పైపు ముక్క,
యూరియా సంచి పోగులు.
దాని కింద జిగట నల్లమట్టి, ఈ నేలది కాదు.
"వరద తెచ్చింది" అని రాసుకున్నాను.
తట్ట దించి మునివెంకటమ్మ నవ్వింది.
"వరద కాదు సారూ, మా మామ తెచ్చినాడు.
చెరువెండిన ఏడు, అరవై బండ్లు తోలినాడు.
ఆ నడుం మళ్ళా లేచింది లేదు."
వరద కొట్టేశాను.
మామ అని రాయడానికి ఫారంలో గడి లేదు.

మూడో పొర బూడిద.
మైసూరు నుంచి వచ్చిన పరిశోధక పిల్ల
ఇంద్రాక్షి గంతేసింది:
దాడి జరిగింది, ఊరు తగలబడింది, ఏదో రాజ్యం కూలింది!
మునివెంకటమ్మ ఒక ముక్క తీసి వేళ్ళ మధ్య తిప్పింది.
"పట్టుపురుగుకు తెగులొచ్చిన ఏడు
చంద్రికలన్నీ ఈడనే పేర్చి కాల్చినాం.
ఎదురు బొగ్గు పాపా ఇది. చూడు, కణుపు."

నాలుగో పొరకు ఆమె దగ్గర మాట లేదు.
ఇనుప చిట్టెం,
నల్లంచు ఎర్రకుండ పెంకులు,
కాలిన ఉలవలు గుప్పెడు.
ఉలవల్ని గుర్తుపట్టింది.
ఎవరి పొయ్యివో తెలియలేదు.
ఆ మధ్యాహ్నం సంగటి ముద్ద సగంలో ఆపి
చాలాసేపు గుంత అంచున కూర్చుంది.

ఆఖర్న, బ్రష్షుతో ఊడ్చాక, ఎర్రనేల మీద
లేతగా, గోటిగీరల్లా
సాళ్ళు.
ఎన్ని వేల ఏళ్ళవో ల్యాబు చెప్పాలి.
అన్నీ తూర్పుకు పోయి
గుండ్రాయి దగ్గర కాస్త వంగి
వెనక్కి మళ్ళాయి.

చెప్పులు పైనే విడిచి ఆమె లోపలికి దిగింది.
"మా యెద్దులూ ఈడనే మళ్ళేవి.
ఈ గుండు కాడ మేడి ఎత్తకుంటే
కర్రు విరుగుతాది.
వానికీ ఒకతూరి విరిగుంటాది."
అమ్మకం కాగితాల మీద ముద్ర వేసిన బొటనవేలితో
ఒక సాలు లోతు కొలిచింది.

రేపు పూడ్చేస్తారు. సైటు నంబరు నలభై రెండు.
ఆమెకు ఇంకా మూడు రోజుల కూలి రావాలి.

నా బొమ్మలో గుండ్రాయికి కొలతలున్నాయి.
దాని పక్కన మేడి ఎత్తిన చెయ్యి ఒకటి గీసి,
ఇది నా పని కాదని చెరిపేశాను.
పెన్సిలు గట్టిది.
గాడి పోలేదు.