టైమర్

దేగు నగరంలో ఆగస్టు.
తారురోడ్డు చెప్పుల్ని పట్టుకుని వదలదు.
నా సంచిలో బీపీ మిషను, ఓఆర్ఎస్ పొట్లాలు,
రెండు తువ్వాళ్ళు,
ఒంటరిగా ఉంటున్న ముసలివాళ్ళ జాబితా.
పదకొండో పేరు ఓక్ గుమ్నే.
ఎనభై ఒకటి. మూడో అంతస్తు. లిఫ్టు లేదు.

గదిలో ముప్పై ఆరు డిగ్రీలు.
మూలన ఫ్యాన్.
దానికి పూలగుడ్డ ముసుగు,
ముడి మీద ముడి.

"వేసుకోవచ్చుగా అమ్మమ్మా?"
"అది మనిషిని మింగింది" అంది,
ఆ కుక్క కరుస్తుంది అన్నంత మామూలుగా.

నలభై మూడేళ్ళ కింద, ఇలాంటి రాత్రే.
దోమలని కిటికీలు మూశారు.
బట్టల మిల్లులో రెండో షిఫ్టు దిగి వచ్చిన మొగుడు
నిద్ర పట్టక దొర్లుతుంటే
తనే లేచి ఫ్యాన్ వేసింది.
టైమర్ తిప్పడం మరిచింది.
తెల్లారేసరికి ఫ్యాన్ తిరుగుతూనే ఉంది.
ఆయన పక్కకి తిరగలేదు.

మా ఇంట్లోనూ అంతే.
మూసిన గదిలో ఫ్యాన్ గాలిని తినేస్తుందని
మా అమ్మ రాత్రి రెండింటికి లేచి ఆపేది.
నర్సింగ్ చదివాక కూడా
నా వేలు టైమర్ మీదికే పోయేది,
నిజం చెప్తున్నా.

"అది గాలిని తినదు అమ్మమ్మా, నెడుతుంది.
ఈ మూలది ఆ మూలకి.
చీపురు ఇంటిని తింటుందా?"
"మరి ఆయన?"
"కాకి ఎగిరింది, బేరిపండు రాలింది.
తొడిమ ఎప్పుడో వదులైపోయింది.
నింద కాకిది."

చాలాసేపు ఫ్యాన్ వంక చూసింది.
నేను గెలిచాననుకున్నాను.

"ఆ సాయంత్రం గుండెల మీద బరువన్నాడు.
తిన్నది అరగలేదనుకున్నా.
బొటనవేలికి దారం చుట్టి, సూదితో పొడిచి
నల్లరక్తం తీశా, మా అత్త నేర్పినట్టే.
ఎడమ చెయ్యి లాగుతోందన్నాడు.
పొడిచిన చెయ్యి కదా అనుకున్నా.
చల్లటి చెమట పట్టింది.
వేడి దిగుతోంది, మంచిదే అనుకున్నా.
అయితే..."

బీపీ పట్టీ బుస్సుమని గాలి వదిలింది.
ఈ ప్రశ్నకి నా ఫారంలో గడి లేదు.
ఛాతీలో బరువు, చెయ్యి లాగుడు, చల్లచెమట:
సూది కాదు, అంబులెన్స్ అని
కింద మెట్ల దగ్గర కాగితం అంటించి ఉంది.
అప్పటికి ఆ గోడే లేదేమో.

"అప్పుడు మీకెవరూ చెప్పలేదు" అన్నాను.
"ఎవరూ చెప్పలేదు" అంది.
ఓదార్పులా వినిపించలేదు.
లెక్క సరిచూసుకున్నట్టుంది.

ముడులు నేనే విప్పాను. వద్దనలేదు.
తువ్వాలు తడిపి మెడ మీద వేశాను.
ఇంత వేడిలో ఉత్త ఫ్యాన్ చాలదని,
ఒళ్ళు తడిగా ఉంటేనే గాలి చల్లబరుస్తుందని,
దాహం లేకపోయినా గుక్క గుక్క నీళ్ళు తాగమని,
తల తిరిగితే కింద కొట్టువాళ్ళని కేకెయ్యమని
రెండుసార్లు చెప్పాను.
జాబితాలో ఇంకా తొమ్మిది పేర్లు.

గురువారం వెళ్ళేసరికి
పూలగుడ్డ మడిచి దిండు కింద ఉంది.
ఫ్యాన్ తిరుగుతోంది, రెక్కలు తుడిచి ఉన్నాయి.
టైమర్ మాత్రం గంట దగ్గర.

"నువ్వు చెప్పింది నమ్మక కాదు" అంది.
"ఆగినప్పుడల్లా మెలకువొస్తుంది.
లేచి చూస్తాను.
ఆ రాత్రి లేవలేదుగా."