ఏసీ బంద్

నలభై ఏడో రోజు సంతకం పెట్టిచ్చుకొని పంపిండ్రు.
అరబ్బీల ఏం రాసుందో నాకు సదువరాదు,
కింద అంకె ఒక్కటే తెలిసింది:
పందొమ్మిది వందల గ్రాములు.
పుట్టిన్నాడు పదకొండు వందల నలభై.
నేను భుజాన మోసే గ్యాస్ సిలిండర్
ఖాళీదే నీకంటె ఎక్కువ తూగుతది తల్లీ.

చేతి పట్టీ ఇంకా ఊడదియ్యలే,
"బేబీ ఆఫ్ సునంద" అని.
పేరు పెట్టాల్సిన ఇరవై ఒకటో దినం
నువ్వు అద్దాల పెట్టెల, ముక్కుల పైపుతోని,
నేను బయట నల్లా కాడ చేతులు కడుక్కుంట.
ఎంత కడిగినా గోళ్ల సందుల గ్రీజు పోలే.
మారిసెల్ సిస్టర్ చూసి బ్రష్ తెచ్చింది,
బడికి పోయే పిలగానికి తోమినట్టు తోమింది,
అంగీ గుండీలు విప్పమన్నది,
నిన్ను నా రొమ్ము మీద పండవెట్టి
"కదలకు పప్పా" అన్నది.
ఎనిమిదేండ్లల్ల ఈ దేశంల
నేను పనిలేకుండ కూసున్న గంట అదొక్కటే.

టాక్సీ ముసలాయన పేరు ఖమీస్.
అద్దంల నిన్ను చూసి ఏడు వేళ్లు చూపిండు.
తలూపిన.
ఇగ రువి దాకా ప్రతి స్పీడ్ బ్రేకర్ కాడ
నిండు బిందెను దించినట్టు దించిండు బండిని.
వెనక లారీ హారన్ కొడితే
కిటికీలకెల్లి చెయ్యి బయటపెట్టి
ఐదు వేళ్లు ఒక్కకాడికి చేసి ఊపిండు: జెర ఆగు.
కిరాయిల సగం తీసుకొని
సగం నీ దుప్పటి మడతల దోపిండు.

బిల్లు సంగతి నీకు ఇప్పుడెందుకు.
ఊర్లె పిల్లర్ల కాడ ఆగిన ఇల్లుంది,
దాని స్లాబు నువ్వు.

హమ్రియాల మన గదికి
ప్లైవుడ్ అవతల మన్నాన్, వాని తమ్ముడు.
పైన కోసిన సందులకెల్లి
రెండు గదులకు ఒకటే ఏసీ.
నేనే బిగించిన, శుక్రవారం శుక్రవారం
జాలి నేనే కడుగుత.
బిడ్డకు సలి తాకొద్దన్నది డాక్టరమ్మ,
ఒంట్లె కొవ్వు లేదట,
తన వేడి తాను చేసుకోలేదట.
జూన్ నెల. బయట నలభై ఆరు.
పొద్దంత ఇనుప కడ్డీలు వంచొచ్చినోళ్లను
ఏ నోటితోని అడగాలె?

నేను గుటకలు మింగుతుంటే
మన్నాన్ వచ్చి రిమోట్ నా చేతుల పెట్టిండు.
తడి తువ్వాల భుజానేసుకొని
చాప చంకల పెట్టి మిద్దెక్కిండు.
వెనుకనే తమ్ముడు.
దిండు మరిచి దిగొచ్చిండు,
నిన్ను తొంగి చూసి,
దిండు మళ్ల మరిచే పోయిండు.

బంద్ చేసిన.
సముద్రం దిక్కు విల్లాలు, పెండ్లి హాళ్లు,
ఖర్జూరాల గోదాములు,
ఎన్ని చల్లబరిచిన ఈ చేతులతోని!
ఒక్క గదిని వెచ్చగ ఉంచుమని
ఇన్నేండ్లల్ల ఒక్కరూ పిలువలే.

ఫోన్ల మా అత్త అంటున్నది,
"ఏడో నెల బిడ్డ బతుకుతది, ఎనిమిదో నెలదే..."
అంతట్ల ఆపింది. కాటిక బొట్టు పెట్టమన్నది.
సిస్టర్ వద్దన్నది కదా అన్న.
సునంద ఏం మాట్లాడలే.
తన కంటి కొసల వేలు అద్ది
నీ అరికాలికి రాసి సాక్సు తొడిగింది.

దూరంకెల్లి చెవి పెట్టి
కంప్రెసర్ రోగం చెప్పేటోన్ని నేను.
ఏసీ లేని గదిల
నీ ఊపిరి ఇంత చప్పుడు చేస్తదని తెలువదు.
మూడు తొందర తొందరగ, ఇగ ఆగుతది.
ఒకటి. రెండు. మూడు. నాలుగు.
ఆస్పత్రిల ఈ పాటికి డబ్బా మోగేదా, లేదా?
సునంద నీ మడిమె మీద వేలితోని తడుతది.
మళ్ల మొదలు.

రెండు గంటలకు ఫోనొచ్చింది, ఏదో విల్లా,
చల్లగైతలేదట.
పొద్దుగాల వస్త సార్ అని గుసగుసగ చెప్పిన.
గడ్డం కొసకు చెమట చుక్క వేలాడుతుంటే
నీ మీద పడకుండ
మొఖం పక్కకు తిప్పుకున్న.