రొమ్మెత్తు

కైనూ అడవిలో మార్చి నెల.
మంచు మోకాలి లోతు.
హిల్కా బూటుతో తవ్వుకుంటూ పోయి
చెట్టు మొదలు ఎక్కడుందో వెతుకుతుంది.
నేల తగలకుండా కొలత మొదలుపెట్టకూడదు,
నాకామె నేర్పిన మొదటి మాట.

అక్కణ్ణించి మీటరూ ముప్పై సెంటీమీటర్లు.
రొమ్మెత్తు అంటారు.
ఎవరి రొమ్మో ఎవరూ అడగరు.
పొట్టి మనిషి హిల్కాకి అది భుజం దాటుతుంది.

ఇనప దవడల మధ్య స్ప్రూస్ మానుని పట్టి
ఒకసారి ఉత్తరం నుంచి, ఒకసారి పడమటి నుంచి:
"ఇరవై ఏడు. ఇరవై ఎనిమిదిన్నర."
ఏ మానూ గుండ్రం కాదు.
రెండూ కలిపి సగం చేసి
గుండ్రమే అనుకుంటాం.

తర్వాత పొడుగాటి గెడ,
దాని కొసన కొడవలిలాంటి కొలబద్ద.
ఆరు మీటర్ల ఎత్తున మానుకి ఆనించి
కింద నిలబడి తలెత్తి చదవాలి.
కొమ్మ మీది మంచు కంట్లో పడుతుంది,
అంకె జారిపోతుంది, మళ్ళీ ఎత్తాలి.
పైన ఇరవై నాలుగు.
కింది లావుకీ పై లావుకీ మధ్యే ఉంది సంగతంతా,
ఎంత దూలానికి, ఎంత కాగితపు గుజ్జుకి.

గుంపులో పెరిగింది
వెలుగు కోసం ఎగబాకి నిలువునా ఒకే తీరు.
గట్టు మీద ఒంటిగా పెరిగింది
మొదట ఏనుగు కాలు, కొసకి ఎలక తోక.
"దీన్ని గాలి మేపింది" అంటుంది హిల్కా.
మిల్లువాడు దానికి ధర తగ్గిస్తాడు.

ఈ అడవి తావెత్తిది. అతను కొలబద్ద ముట్టడు.
మాను మీద చెయ్యేసి, పైకి చూసి, ఉమ్మేసి
"ముప్పావు ఘనపు మీటరు" అంటాడు.
మా సూత్రం నాలుగు వరసలు కూడి
పాయింట్ ఏడు మూడు అంటుంది.

ఒక చెట్టు దగ్గర ఇద్దరూ ఆగారు.
మొక్కై వంగింది ఏదో మంచు ఏడు,
మానై ఆ వంపుతోనే లేచింది.
తావెత్తి గొడ్డలి వెనక్కి తిప్పి తట్టాడు.
డొల్లగా పలికింది.
హిల్కా అప్పటికే రాసేసింది: పాయింట్ తొమ్మిది ఒకటి.
"నా సూత్రానికి చెవుల్లేవు" అంది, కొట్టెయ్యకుండానే.

నేల గడ్డకట్టి ఉండగానే యంత్రం వచ్చింది.
ఉక్కు పిడికిలి మానుని కొసదాకా నిమురుతూ
పది సెంటీమీటర్లకో లావు చదువుకుంది.
మా అంచనా నాలుగు వందల పన్నెండు.
దాని లెక్క నాలుగు వందల అయిదు.
ఏడు ఘనపు మీటర్లు ఏమయ్యాయని కంపెనీ ఉత్తరం.

ఆ డొల్ల మొదలుని తావెత్తి అమ్మలేదు.
ఆవిరిగది పక్కన నిలబెట్టుకున్నాడు.
మే నెలలో అందులో ఏదో పిట్ట దూరింది.
ఎంత ఎత్తున, అని హిల్కా ఫోన్లో అడిగింది.
కొలవలేదు.
పక్కన నిలబడితే ఆ కన్నం
సరిగ్గా నా రొమ్ము దగ్గరికొస్తోంది.