పదమూడేళ్ళు

హడర్స్‌ఫీల్డ్‌లో వాన కురవదు,
పిండకుండా ఆరేసిన బట్టలా
ఊరికే గాలిలో వేలాడుతుంది.
మంగళవారం సాయంత్రం
లైబ్రరీ మెట్ల కింద నిలబడి
మూడోసారి గొడుగు దులిపాను.
అది ఎప్పుడో ఆరిపోయింది.

పైన, పెద్దవాళ్ళకి లెక్కల క్లాసు.
ఫీజు లేదు. టీ ఇస్తారట.
పదహారు మెట్లు.
పోయిన వారం ఎనిమిది ఎక్కి దిగొచ్చేశాను.
ఎనిమిదంటే సగం.
ఆ మాత్రం తెలుసు.

ఐదో తరగతి. పదమూడో ఎక్కం.
పదమూడార్లు డెబ్బై ఎనిమిది దాకా
తూనీగలా వచ్చాను.
"పదమూడేళ్ళు..." గొంతు ఆగింది.
"ఊఁ, ఏడు" అన్నారు మాస్టారు.
అంకె అందించారో, ఏడవమన్నారో
తెలీలేదు.
తెలీక ఏడ్చాను.
బెంచీలు కూడా నవ్వినట్టు గుర్తు.
"కూర్చోవే పైడితల్లీ, నీ బుర్రకి లెక్క ఎక్కదు."

సుద్ద దులుపుకున్నట్టు
ఆయన ఆ మాట అక్కడే దులిపేసుకుని ఉంటారు.
నేనే ఏరుకుని కొంగున ముడేసుకున్నాను.
కొంగు పోయి కోటు వచ్చింది,
ముడి మాత్రం పోలేదు.
పాస్‌పోర్టు కన్నా భద్రంగా సముద్రం దాటింది.
చిల్లర ఎంతిస్తే అంత జేబులో వేసుకున్నాను.
కరెంటు బిల్లు ఎవరు చదివిపెడితే వాళ్ళకి దండం పెట్టాను.
కొట్టులో గల్లా పెట్టె దగ్గర కూర్చోమని
అఖ్తర్ గారు రెండుసార్లు అడిగారు,
రెండుసార్లూ నడుము నొప్పన్నాను.
నా నడుము ఉక్కు.

ఇవాళ ఎలా ఎక్కానో చెప్పలేను.
వెనక ఎవరో పెద్దమనిషి ఎక్కుతున్నాడు,
దారివ్వడం కంటే ఎక్కడం తేలికైంది.
అంతే. ధైర్యం అనే పెద్ద మాట వద్దు.

మిసెస్ హేగ్‌కి నా పేరు నోరు తిరగలేదు.
సగంలో ఆపి, నవ్వి, మళ్ళీ మొదలుపెట్టింది.
మూడోసారికి పలికింది.
ఆవిడ అలా తప్పుతుంటే ఎవరూ నవ్వలేదు.
ఇది నేను రాసిపెట్టుకోవాల్సిన సంగతి.

"ఏం పని చేస్తావు?"
"మార్కెట్లో గుడ్డలు కోస్తాను."
"మీటరు డెబ్బై కిటికీ. కుచ్చిళ్ళు రెండింతలు.
రెండు వైపులా పదిహేను సెంటీమీటర్ల మడత."
"మూడు మీటర్ల డెబ్బై" అన్నాను.
"మళ్ళీ చెప్పు."
అయిపోయింది, తప్పు చెప్పాననుకున్నా.
"ఎలా చేశావు?"
"చెయ్యలేదండీ. వచ్చింది."

అప్పుడు బోర్డు మీద రాసింది,
ఎవరు చెప్పారో ఆవిడకి,
పదమూడు, ఇంటూ, ఏడు.
మోకాళ్ళలో ఐదో తరగతి బెంచీ వణికింది.
"గుడ్డే అనుకో," అంది, "కొయ్యి."

పదమూడుని చేత్తో తడిమి చూశాను.
పది దగ్గర పోగు తేలిగ్గా తెగింది.
పదేళ్ళు డెబ్బై.
మిగిలిన ముక్క, మూడేళ్ళు ఇరవై ఒకటి.
అంచు అంచు కలిపి ఒక్క కుట్టు.

తొంభై ఒకటి.

చప్పట్లు లేవు.
పక్కనున్న ప్లాస్టరింగ్ పని డెరెక్
టీలో విరిగి మునిగిన బిస్కెట్టుని
స్పూనుతో వెతుక్కుంటున్నాడు.
మిసెస్ హేగ్ తలూపి తర్వాతి లెక్క రాసింది.
నలభై రెండేళ్ళు మోసిన దాన్ని
అంత మామూలుగా దించుతారని నాకు తెలీదు.

ముడి పూర్తిగా ఊడిందనను.
మర్నాడు గల్లా పెట్టె దగ్గర కూర్చుని
ఒకావిడ చిల్లర మూడుసార్లు లెక్కపెట్టాను.
ఆవిడ విసుక్కుంది.
మూడుసార్లూ ఒకే లెక్క వచ్చింది.

ఆ రాత్రి లాక్‌వుడ్ బస్సు పైఅంతస్తులో
మసకేసిన అద్దం మీద వేలితో ఎక్కం రాశాను.
పదమూడు నాలుగులు యాభై రెండు.
అరె, నా వయసే.
అంటే ఇంకా నాలుగో మెట్టు మీదే ఉన్నాను.
ఏడోది చాలా పైన ఉంది.

దిగాల్సిన స్టాపు దాటిపోయింది.
ఒకటి. రెండు.
లెక్కపెట్టుకుంటూ వెనక్కి నడిచాను.