గాట్ల కాగితం

దేవరకొండ బస్టాండు ఎదురు సందుల
దీకొండ పురుషోత్తం దర్జీ దుకాణం.
నేను కాజాలు కుట్టేటోణ్ణి,
గ్రూప్ ఫోర్‌కు చదివేటోణ్ణి,
రెండు పనులూ ఒకే బల్ల మీద.

"మనసుల చదువకురా, నోరు తెరిచి చదువు,
మిషినుకు తోడన్న ఉంటది" అనేటోడు ఉస్తాద్.
ఆయనకు అక్షరాలు రావు.
కొలతలు కాగితం పట్టీ మీద:
ఛాతీకొక గాటు, నడుముకొకటి,
చెయ్యి పొడుగుకు కొస మడత.
సగం ఊరు ఆయన రేకు డబ్బాల
చుట్టలు చుట్టుకొని పండుకునేది.

ఆ మాపటీలి ప్రపంచ చరిత్రల
ఆండ్రూ జాన్సన్ తగిలిండు.
అమెరికా, పదిహేడో అధ్యక్షుడు,
అని పేజీ తిప్పబోతుంటే
మొదటి వృత్తి: దర్జీ.

మిషిను ఆగింది.
"మళ్ళా చదువు."

మూడేండ్లకే తండ్రి పోయిండు.
తల్లి ఊరోళ్ళ బట్టలుతికి సాకింది.
బడి మొకం చూడలే.
దర్జీ కాడ పనికి పెడితే పారిపోయిండు.
పట్టిచ్చినోళ్ళకు పది డాలర్లని
సేటు పేపర్ల ఏపిచ్చిండు.
"నేను పారిపోయిననాడు
మా సేటు సంబురపడ్డడు" అన్నడు ఉస్తాద్.

పెండ్లయినంక పెండ్లామే
రాత నేర్పింది, లెక్కలు నేర్పింది.
లోపలి అర్రలకెల్లి
అండాలక్క గట్టిగ దగ్గింది.

మేయరయ్యిండు, గవర్నరయ్యిండు.
గవర్నరయ్యి గుడ
పక్క రాష్ట్రం గవర్నరుకు కోటు కుట్టిండు.
ఆయన ఒకప్పటి కమ్మరి.
బదులుగ పార, పట్టుకారు కొట్టి పంపిండు.
"గిదిరా రాజ్యమంటే!"
ఉస్తాద్ నవ్వితే దారం తెగింది.

లింకన్‌ను కాల్చి చంపిండ్రు, కుర్చీ ఈయనకొచ్చింది.
మూడేండ్లకు దించుదమని సభ కూసుంది.
ఒక్క ఓటు తక్కువైంది. నిలిచిండు.

ఈసారి నవ్వలే.
వార్డు మెంబరుకు నిలబడ్డ ఏడు
ఉస్తాద్ ఓడింది ఒక్క ఓటుతోనే.
అది ఆయన ఓటే.
గెలిచినాయన తెల్లచొక్క మాపటికిస్తనని మాటిచ్చి
ఆఖరి గుండీ కుట్టి ఉరికేసరికి
బూతు తలుపు మూసిండ్రు.

"ఎందుకు దించుదమన్నరు?"

సైన్యం మంత్రిని తీసేసిండని
పెద్దక్షరాల ఉంది.
కింద చిన్నక్షరాల ఇంకో ముచ్చట:
బానిసత్వం తప్పినోళ్ళకు హక్కులిచ్చే చట్టమొస్తే
సంతకం పెట్టనన్నడు.
తానూ ఒకప్పుడు
మనుషుల్ని కొన్నోడే.

చక్రం మీద చెయ్యి అట్లనే ఉంది.
గడప బయట మాదిగవాడ ఎచ్చమ్మ,
మనవరాలి బడి గౌను కోసం
గంటసేపటి నుంచి ఎండల.
పిలువనిది లోపలికి రాదు.
మేమూ పిలువలే.

"మా నాయన" అన్నడు ఉస్తాద్,
నాకు కాదు, గుడ్డకు చెప్పినట్టు,
"వాళ్ళ కొలత కంటితోనే తీసేటోడు.
టేపు తాకనియ్యకపోతుండె.
అందుకే ఎప్పుడూ చంకల కాడ బిగుసు.
నేను గుడ ఓ రెండేండ్లు
అట్లనే తీసిన.
ఆ జాన్సన్‌కు తెల్వదారా?
కుట్టేటోనికే తెల్వకుంటే ఎవనికి తెలుస్తది,
ఏ ఒంటికైనా చంకల కింద చెమటే గద."

నాకు జవాబు రాలే.
మిగిలిన రెండు వాక్యాలు చదివిన:
సచ్చిపోయినంక జెండల చుట్టి,
తలకింద రాజ్యాంగం పెట్టి
బొందపెట్టిండ్రు.

"దిండు మంచిదే.
చదివినంక పెట్టిండ్రా,
ఊకెనే పెట్టిండ్రా?"

టేపు మెడల ఏసుకొని
గడప దాక పోయిండు.
"ఎచ్చమ్మా, లోపలికి రా, ఫ్యాను కింద కూసో.
బిడ్డా, చేతులు చాపు."
పిల్ల టేపు చల్లగుందని కిసుక్కుమంది.
కత్తెర కాగితాన్ని కొరికింది.

గౌను నాలుగు రోజులకు ఇచ్చినం.
పరీక్షల జాన్సన్ రాలే,
దేశాల రాజధానులడిగిండ్రు, నేను తప్పిన.
పేజీ గుర్తుకని పెట్టుకున్న ఆ పట్టీ
ఇప్పటికీ గైడు నడుమనే ఉంది:
ఛాతీకొక గాటు,
నడుముకొకటి,
చంక కాడ
రెండు వేళ్ళ వదులు.