మిగిలిన రాయి

తుఫాను వెళ్లిన మూడో నాడు
పైనుంచి ఏడో మడి గట్టు కూలింది.
గట్టంటే మీరనుకునే గట్టు కాదు,
రెండు నిలువుల రాతిగోడ.
ఎర్రమట్టీ నీళ్లూ పొట్టమీదున్న వరీ
ఒక్కసారే కింది మడిలోకి దిగబడ్డాయి.

"వానపాములు తొలిచేశాయి" అన్నాడు బల్లోగన్ మామ,
వక్క నమిలిన ఎర్రటి ఉమ్ము పక్కకు ఊసి.
"స్పెయిను సిపాయిలు మూడొందల ఏళ్లు చెయ్యలేనిది
వానపాము చేస్తుందిరా."

ఊరంతా బదులు పనికొచ్చింది.
రేపు వాళ్ల గోడ పడితే మేం వెళ్తాం.
మా ఇఫుగావోల చట్టం
ఇంతకంటే పొడుగు కాదు.

కూలినచోట గోడ నోరు తెరుచుకుంది.
లోపల పళ్లవరసలు.
అడుగున ఏరు నున్నగా చేసిన గుండ్రాళ్లు,
ఎవరి వీపులమీదో ఎక్కొచ్చినవి.
వాటిపైన పలకరాళ్లు, వేరే చేతులు,
వేరే తొందర.
"ఇక్కడ చూడు, భయపడుతూ పేర్చారు" అన్నాడు మామ.
రాయికీ రాయికీ మధ్య వేలు దూరేంత సందు.
లోయలో కొత్త గంటలు మోగిన రోజులు కావచ్చు,
ఏటి ఒడ్డు ఊళ్లు ఒకటొకటే
కుండలో నిప్పు దాచుకుని
పైకి, ఇంకా పైకి ఎక్కిన రోజులు.

రెండువేల ఏళ్ల గోడలంటాడు ఒక పండితుడు.
కాదు, నాలుగొందలేనంటాడు ఇంకొకడు.
ఇద్దరూ మా ఇంట్లో తిన్నారు,
ఇద్దరికీ నత్తల కూర నచ్చింది.
మామనెవరూ అడగలేదు. అడిగితే
"మా తాత కట్టాడు" అనేవాడు.
అంతకుముందు? "ఆయన తాత."
ఆ లెక్క ఆగదు,
మన ఓపికే ఆగిపోతుంది.

నడిమి వరసలో తూటా డొల్ల ఒకటి దొరికింది,
చిలుమెక్కి, మట్టిలో నిద్రపోతున్న పెంకుపురుగులా.
ఇమ్మయా అవ్వ దాన్ని అరచేతిలో పెట్టుకుని
చాలాసేపు మాట్లాడలేదు.
ఆమెకప్పుడు తొమ్మిదేళ్లు.
ఓడిపోతున్న జపాను సైన్యం ఈ కొండలెక్కి
విత్తనాల వడ్లు కూడా దంచుకు తింది.
కుర్ర సిపాయి ఒకడు మా గాదె కింద కూర్చుని ఏడ్చాడట.
"ఆ ఏడుపు నాకర్థమైంది" అంది అవ్వ,
"విత్తనాలు మాత్రం తిరిగి రాలేదు."
ఆ వరి పేరు చెప్పింది.
మాలో ఎవరూ ఎన్నడూ వినలేదు.
ఆమె మళ్లీ చెప్పింది.

అంతకంటే ముందు, ఓడెక్కించి తీసుకెళ్లారు కొందరిని,
సముద్రాల అవతల సంతలో
కంచె లోపల నిలబెట్టి, టిక్కెట్టు పెట్టి
జనానికి చూపించడానికి.
మా ముత్తాత తమ్ముడు పుగ్వోన్ తిరిగొచ్చాడు,
నెత్తిన ఒక టోపీతో.
ఏం చూశావని ఊరడిగితే
"మనల్ని చూసేవాళ్లని చూశాను.
వాళ్ల నేలంతా బల్లపరుపు.
పాపం, నీళ్లకు ఎటు పోవాలో తెలీదు" అన్నాడట.

మధ్యాహ్నానికి మబ్బు దిగి
పక్కమనిషి గొంతు మాత్రమే మిగిలింది.
ఆఫీసువాళ్లు పోయినేడు పంపిన సిమెంటు బస్తాలు
వానకు తడిసి తడిసి
తామే రాళ్లయి కూర్చున్నాయి.
మావాళ్లు రాయిని చూసి పెట్టరు.
చేతుల్లో తిప్పుతారు,
అది ఎటు కూర్చోవాలనుకుంటుందో
అరచేతికి తెలిసేదాకా.
నేను పెట్టిన రాయిని మామ రెండుసార్లు తీయించాడు.
మూడోసారి ఏమీ అనలేదు.

పొద్దుగూకేసరికి గోడ లేచింది.
ఒక రాయి మిగిలింది.
పడినవే పేర్చాం, బయటినుంచి ఒక్కటీ తేలేదు,
అయినా మిగిలింది.
"లెక్క తప్పారు" అంది మా చిన్నది ఇన్నుగ్యా.
"ఎప్పుడూ ఒకటి మిగుల్తుంది" అన్నాడు మామ.
"మా తాత కట్టినప్పుడూ మిగిలిందట."
అదెక్కడ అని అడిగింది పిల్ల.

మామ మోకాళ్లు పట్టుకుని మెల్లగా లేచి
తాను కూర్చున్నదాన్ని చూపించాడు.

పిల్ల కొత్తరాయిని దొర్లించుకుంటూ వెళ్లి
దాని పక్కన పెట్టింది.
అంతలో మళ్లీ చినుకులు.