రాత్రి రెండు నుంచి అయిదు దాకా

తెర మీద రెండు గీతలు.
నీలం గీత నా లెక్క, ఎర్రది నది.
ఒకదాని మీద ఒకటి ఎంత ఒద్దికగా పడ్డాయంటే
పెద్ద ఇంజనీరుగారు పూతరేకులు తెప్పించారు.
"గోదారి నీ మాట వింటోందమ్మాయ్" అన్నారు.
నాకూ అలాగే అనిపించింది, దాపరికం దేనికి.
రెండు రేకులు తిన్నాను.

ఆ గీతల మీదే తేలాలి
గువ్వలలంక ఏటిగట్టు ఎంత ఎత్తో.
గట్టు లోపల పదకొండు వందల గడపలు,
కొబ్బరి, కంద, అరటి, ఒక బడి,
గట్టు మీదే పడుకునే నాలుగు కుక్కలు.

మా నాన్న తూనికల శాఖలో బంట్రోతు.
సంతకి వెళితే కాటా వంక చూసేవాడు కాదు.
"ముందు రాయిని తూచవే" అనేవాడు.

నిద్ర పట్టక ఎర్రగీతని దగ్గరగా చూశాను.
నది గీత ఎప్పుడూ కాస్త వణుకుతుంది,
గాలి కొట్టినప్పుడు, దుంగ కొట్టుకొచ్చినప్పుడు,
చదివేవాడి కన్ను చెదిరినప్పుడు.
కాని వరద రాత్రి రెండు నుంచి అయిదు దాకా
దానికి వణుకు లేదు.
ఇస్త్రీ చేసిన పంచె అంచులా ఉంది.

పొద్దున్నే పంటు ఎక్కాను.

లస్కరు ఓలేటి సింహాద్రి రిటైరయ్యాడు.
రేవులో పీతల వల బాగుచేసుకుంటున్నాడు.
అడిగాను.
వల కళ్ళు లెక్కపెడుతున్నట్టు చాలాసేపు తలెత్తలేదు.
"ఆయ్, ఆ రాత్రి మెట్లు దిగలేదండి.
టార్చి వేస్తే నీళ్ళే గాని గేజీ రాయి కనపడలేదు.
ఒంటిగంటకి చూశాను. ఆరింటికి చూశాను.
మజ్జిలో ఎలా పెరిగుంటాదో
మనసులో అనుకుని రాసేశాను.
ఖాళీ ఉంచితే మెమో ఇస్తారండి."

నా లెక్కలో
ఏటి అడుగు గరుకుదనం ఉంది, వంపు ఉంది, ఇసుక మేట ఉంది.
లక్ష గళ్ళ వల పరిచి గోదారిని పట్టాననుకున్నాను.
అది కలిసింది నీళ్ళతో కాదు,
మెట్లు దిగని ఒక మనిషి అంచనాతో.
చీకట్లో ఆయన, ఏసీ గదిలో నేను,
నదిని చూడకుండానే ఒకే గీత గీశాం.

"మరి అసలు ఎంతొచ్చింది?"
"మల్లాడి చంటమ్మనడగండి. ఆవిడ అటకెక్కింది."

చంటమ్మ ఇంటికి ఏటేటా సున్నం వేస్తుంది,
బీరువా వెనక తప్ప. జరపడానికి మనిషి లేడు.
ముగ్గురం కలిసి జరిపాం.
గోడ మీద బూడిదరంగు చార,
చారకి అంటుకుని ఒక ఊకపొట్టు.
"మూడింటికి పై లంక గట్టు తెగిన చప్పుడు విన్నాను.
నీళ్ళు ముద్దలా వచ్చాయి, తెల్లారేసరికి లాగేశాయి.
మేకని కూడా అటకెక్కించా. అది నన్నే కుమ్మింది"
అని నవ్వింది.

లెవెల్ పెట్టి రెండుసార్లు చూశాను.
నా నీలం గీతకి మూరెడు పైన.
మూరెడంటే కాగితం మీద చిన్న మాట.
చంటమ్మ చెయ్యి పెట్టి చూపించింది,
అటక మెట్టు నుంచి మేక గడ్డం దాకా.

ఒక్క చార చాలదు.
ఆ వారమంతా పన్నెండు బీరువాలు జరిపించాను.
నాలుగిళ్ళలో సున్నం కమ్మేసింది.
రెండిళ్ళలో ఉన్నవి పిల్లల పెన్సిలు గీతలు.
ఆరిళ్ళలో చార, అదే ఎత్తున.

"నా పేరు రాస్తారా అమ్మా?"
పంటు దాకా వచ్చి అడిగాడు సింహాద్రి.
ఆ మూడు గంటల గళ్ళలో
"చూడలేదు" అని మాత్రం రాశాను.

ఇప్పుడు గీతలు కలవడం లేదు.
పెద్ద ఇంజనీరుగారు రెండుసార్లు ఫోన్ చేశారు.
ఎక్కడ తప్పానో ఇంకా పూర్తిగా తెలీదు,
గరుకులోనా,
గట్టు తెగుతుందని అసలు ఊహించకపోవడంలోనా.
డబ్బాలో పూతరేకులు ఇంకా రెండున్నాయి, మెత్తబడ్డాయి.
రాత్రి రెండయింది.
లెక్కని మళ్ళీ మొదటి గంట నుంచి నడిపిస్తున్నాను.